6746328388800కి అన్ని కారణాంకాలు ఎలా వచ్చాయి?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "మా క్లాస్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ వచ్చింది. 6746328388800 అనే సంఖ్యకి ప్రపంచంలో అన్ని సంఖ్యల కంటే ఎక్కువ కారణాంకాలు ఉన్నాయట, రామానుజన్ కనిపెట్టారట. నిజమేనా? లెక్కపెడదామని సీ లాంగ్వేజ్‌లో ప్రోగ్రామ్ రాశాను. మొదట చెత్త జవాబు వచ్చింది. మార్చి రాస్తే రాత్రంతా తిరుగుతూనే ఉంది. చేత్తో చేసే దారి ఏమైనా ఉందా?"

చేత్తో చేసే దారి ఉంది, పది నిమిషాల పని. ఫార్వర్డ్‌లో సగం నిజం, సగం అబద్ధం. ప్రోగ్రామ్ సంగతి చివర్లో చెప్తాను, ఎందుకంటే చేత్తో చేయడం అర్థమైతే ప్రోగ్రామ్‌లో లోపం ఎక్కడుందో మీకే తెలిసిపోతుంది.

ముందు సంఖ్యను మన పద్ధతిలో కామాలు పెట్టి రాసుకుందాం: 67,46,32,83,88,800. అంటే 6 లక్షల 74 వేల 632 కోట్ల 83 లక్షల 88 వేల 800. పదమూడు అంకెలు. చూడగానే భయం వేస్తుంది కానీ, ఇది చాలా మెత్తని సంఖ్య. చివర రెండు సున్నాలున్నాయి కాబట్టి 100 పోతుంది. తర్వాత ఒక చిన్న చిట్కా. కుడివైపు నుంచి మూడేసి అంకెల చొప్పున విడగొట్టండి: 800, 388, 328, 746, 6. వీటిని ఒకటి విడిచి ఒకటి కూడుతూ, తీసేస్తూ పోండి:

800 − 388 + 328 − 746 + 6 = 0

సున్నా వచ్చిందంటే సంఖ్య 1001తో భాగింపబడుతుంది. 1001 అంటే 7 × 11 × 13. ఒక్క దెబ్బకి మూడు ప్రధాన సంఖ్యలు దొరికాయి. 1001తోనూ 100తోనూ భాగిస్తే మిగిలేది 67395888. దీని అంకెల మొత్తం 54, కాబట్టి 9తో పోతుంది: 7488432. దీని అంకెల మొత్తం 36, మళ్లీ 9తో పోతుంది: 832048. ఇది సరి సంఖ్య, వరుసగా నాలుగుసార్లు 2తో భాగిస్తే 52003. ఏడో ఎక్కంతో 7429. పదిహేడో ఎక్కంతో 437. ఇక్కడ చాలామంది ఆగిపోతారు, 437 ప్రధాన సంఖ్యలా కనిపిస్తుంది మరి. కానీ 437 = 441 − 4, అంటే 21² − 2², అంటే 19 × 23. అయిపోయింది.

అన్నీ ఒకచోట చేరిస్తే:

6746328388800 = 2⁶ × 3⁴ × 5² × 7² × 11 × 13 × 17 × 19 × 23

ఈ ఒక్క వరుసలో ఆ సంఖ్య గురించి మీరు అడగదలచినదంతా ఉంది. పదో తరగతి వాస్తవ సంఖ్యల పాఠంలో అంకగణిత ప్రాథమిక సిద్ధాంతం చదివి ఉంటారు: ప్రతి సంయుక్త సంఖ్యనూ ప్రధాన సంఖ్యల లబ్ధంగా ఒకే ఒక్క రకంగా రాయగలం. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా చదివి వదిలేస్తాం కానీ, దాని బలం ఇలాంటి చోటే తెలుస్తుంది.

కారణాంకం తయారు చేయాలంటే 2ని ఎన్నిసార్లు తీసుకోవాలో నిర్ణయించాలి. అసలు తీసుకోకపోవచ్చు, ఆరుసార్ల దాకా తీసుకోవచ్చు, మొత్తం 7 దారులు. 3కి 5 దారులు. 5కి 3, 7కి 3. మిగతా ఐదు ప్రధాన సంఖ్యలకు తీసుకోవడం, తీసుకోకపోవడం అని తలా 2. అన్నీ గుణిస్తే 7 × 5 × 3 × 3 × 32 = 10,080. మీ ప్రోగ్రామ్ రాత్రంతా తిరిగి చెప్పాల్సిన జవాబు ఇదే.

ఇదే పద్ధతిలో పోటీ పరీక్షల్లో అడిగే ప్రశ్నలన్నీ తేలిపోతాయి. బేసి కారణాంకాలు కావాలంటే 2ని పక్కన పెట్టాలి: 1,440. మిగతా 8,640 సరి సంఖ్యలు. వర్గ సంఖ్యలైన కారణాంకాలు కావాలంటే ఘాతాంకాలు సరి సంఖ్యలే అవ్వాలి కాబట్టి 4 × 3 × 2 × 2 = 48. కారణాంకాలన్నిటి మొత్తం 3,94,13,83,23,53,280, అంటే సంఖ్యకి దాదాపు 5.84 రెట్లు. దీన్ని కూడా 127 × 121 × 31 × 57 × 12 × 14 × 18 × 20 × 24 అని విడివిడిగా గుణించి తెచ్చుకోవచ్చు. 127 అంటే 1 నుంచి 64 దాకా 2 ఘాతాల మొత్తం, మిగతావీ అలాగే.

నాకు బాగా నచ్చిన గుణం ఒకటుంది. ఘాతాంకాలు సరి సంఖ్యలుగా ఉన్న భాగాన్ని వేరు చేస్తే 2⁶ × 3⁴ × 5² × 7², అంటే 2520². ఈ 2520 అంటే 1 నుంచి 10 దాకా సంఖ్యల క.సా.గు. కాబట్టి మన సంఖ్య 2520² × 1062347. ఇంకో రకంగా చూస్తే, 1 నుంచి 28 దాకా అన్ని సంఖ్యలూ దీన్ని నిశ్శేషంగా భాగిస్తాయి; మొదట ఎదురు తిరిగేది 29. ఆ 28 సంఖ్యల క.సా.గు. 80313433200ని 84తో గుణిస్తే సరిగ్గా మన సంఖ్యే వస్తుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న: ఇన్ని కారణాంకాలు ఎందుకు? సంఖ్య పెద్దది కాబట్టి అనుకుంటే పొరపాటు. దీనికంటే పెద్ద సంఖ్యలు మూడు తీసుకుని చూద్దాం.

మొదటిది 1 పక్కన 13 సున్నాలు. అది 2¹³ × 5¹³, కారణాంకాలు 14 × 14 = 196. అంతే. రెండోది 16 ఫాక్టోరియల్, అంటే 1 నుంచి 16 దాకా లబ్ధం: 2,09,22,78,98,88,000. మన సంఖ్యకి మూడు రెట్లకు పైనే ఉంది, కానీ కారణాంకాలు 5,376. మూడోది మొదటి 12 ప్రధాన సంఖ్యల లబ్ధం, 2 నుంచి 37 దాకా: 74,20,73,81,34,810. ఇదీ మనదానికంటే పెద్దదే. ప్రతి ఘాతాంకం 1 కాబట్టి కారణాంకాలు 2¹² = 4,096.

16 ఫాక్టోరియల్‌లో 2 ఘాతాంకం 15 దాకా పోయింది. అక్కడ ఇంకో 2 చేరిస్తే సంఖ్య రెట్టింపవుతుంది, కారణాంకాలు మాత్రం 16 వంతుల నుంచి 17 వంతులకు పెరుగుతాయి, అంతే లాభం. ప్రధాన సంఖ్యల లబ్ధంలో దీనికి సరిగ్గా వ్యతిరేకం: 37ని చేర్చి కారణాంకాలు రెట్టింపు చేశారు, నిజమే, కానీ దానికోసం సంఖ్యను 37 రెట్లు చేయాల్సి వచ్చింది. పరిమితమైన డబ్బుతో సంతకి వెళ్లినట్టు అనుకోండి. 2 చవక, కానీ కొన్నకొద్దీ ప్రయోజనం తగ్గుతుంది. 37 ఖరీదు, మొదటిసారి కొంటే మంచి ప్రయోజనం. 6.7 లక్షల కోట్ల బడ్జెట్‌లో 10,080 కంటే ఎక్కువ తెచ్చే కొనుగోలు లేదు.

మాట మీద నమ్మొద్దు, చూద్దాం. 37 దాకా లబ్ధమే మన సంఖ్యను దాటిపోయింది కాబట్టి, మన సంఖ్య లోపు ఏ సంఖ్యలోనూ 12 వేర్వేరు ప్రధాన సంఖ్యలు ఉండవు. 11 ఉంటే? వాటి కనిష్ఠ లబ్ధం 200560490130. ఇక 33 రెట్లు పెంచడానికే చోటుంది. ఆ చోటులో 24ని, అంటే 2³ × 3ని పెడితే అత్యధికంగా 7,680 వస్తాయి. 10 ప్రధాన సంఖ్యలు తీసుకుంటే 1042 రెట్ల దాకా చోటుంది. 720 పెట్టినా, 960 పెట్టినా 9,216 దగ్గర ఆగిపోతుంది. 9 ప్రధాన సంఖ్యలకు వస్తేనే 10,080 అందుతుంది. ఇంకా తక్కువ ప్రధాన సంఖ్యలతో కూడా ఇలాగే చూడాలి, కాస్త ఎక్కువ కాగితం ఖర్చవుతుంది. అక్కడా 10,080 దొరకదు.

ఇంకో కోణం. చివరి 23ని తీసేస్తే కారణాంకాలు సగమై 5,040 అవుతాయి. 23 బదులు 22 లేదా అంతకంటే చిన్న సంఖ్యతో గుణించి మళ్లీ రెట్టింపు చేయగలమా? 22తో గుణిస్తే 2 ఘాతాంకం 7, 11 ఘాతాంకం 2 అవుతాయి; 8/7 × 3/2 = 12/7, సుమారు 1.71 రెట్లు. 20తోనూ అంతే. మిగతావి ఇంకా తక్కువ. కాబట్టి 23ని కదల్చలేం. అయితే ఒక 3 తీసి ఒక 2 పెడితే 4497552259200 వస్తుంది. సంఖ్య మూడింట ఒక వంతు తగ్గింది, కారణాంకాలు 9,216, పెద్దగా తగ్గలేదు. ఈ రకం సంఖ్యల మధ్య పోటీ ఎంత దగ్గరగా ఉంటుందో ఇక్కడ తెలుస్తుంది.

ఇప్పుడు ఫార్వర్డ్ సంగతి. "ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ" అనేది అబద్ధం. మన సంఖ్యను 29తో గుణించండి, కారణాంకాలు 20,160 అవుతాయి. 31తో మళ్లీ గుణించండి, 40,320. దీనికి అంతు లేదు. సరైన మాట ఏమిటంటే: దీనికంటే చిన్న సంఖ్య దేనికీ ఇన్ని కారణాంకాలు లేవు. ఇలాంటి వాటిని హైలీ కాంపోజిట్ నంబర్లు అంటారు, తెలుగులో అతి సంయుక్త సంఖ్యలు అనుకుందాం. 1, 2, 4, 6, 12, 24, 36, 48, 60, 120 ఇలా మొదలవుతాయి. 12ని డజనుకి, 60ని నిమిషాలకి, 360ని వృత్తానికి ఎందుకు వాడతామో ఈ వరుస చూస్తే అర్థమవుతుంది. ఈ మూడూ అతి సంయుక్త సంఖ్యలే, ఎన్ని రకాలుగా పంచినా శేషం లేకుండా తేలిపోతాయి.

రామానుజన్ మాట నిజం, కానీ "ఈ సంఖ్యను కనిపెట్టారు" అంటే ఆయన పనిని చిన్నది చేసినట్టే. 1915లో లండన్ మ్యాథమెటికల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో ఈ సంఖ్యల మీద ఒక పెద్ద వ్యాసం ప్రచురించారు. 1916లో కేంబ్రిడ్జ్ ఆయనకు బీ.ఏ. ఇచ్చింది ఈ పరిశోధన ఆధారంగానే. ఆ వ్యాసంలో వందకు పైగా అతి సంయుక్త సంఖ్యల పట్టిక ఉంది. ఆ పట్టికలో చివరిది మన 6746328388800. కంప్యూటర్ లేదు, కాలిక్యులేటర్ లేదు.

ఆ పట్టికలో ఒకే ఒక సంఖ్య జారిపోయింది: 293318625600. దాని కారణాంకాలు 5,040. ఇందాక మనం 23ని తీసేసినప్పుడు వచ్చిన సంఖ్య ఇదే, చూశారా? దాన్ని 23తో గుణిస్తే పట్టికలోని చివరి సంఖ్య. చివరిది దొరికింది, దాని 23వ వంతు దొరకలేదు. నాకు ఇది భలే విచిత్రంగా అనిపిస్తుంది.

పట్టిక కంటే ముఖ్యమైనది ఆయన నిరూపించిన నిర్మాణం. అతి సంయుక్త సంఖ్యలో 2 నుంచి మొదలుపెట్టి ఏ ప్రధాన సంఖ్యనూ వదలకుండా వరుసగా రావాలి, ఘాతాంకాలు తగ్గుతూ పోవాలి లేదా సమానంగా ఉండాలి. మన సంఖ్యలో 6, 4, 2, 2, 1, 1, 1, 1, 1. కారణం సులభం: 3 ఘాతాంకం 2 ఘాతాంకం కంటే పెద్దదనుకుంటే రెండింటినీ తారుమారు చేయండి, కారణాంకాల లెక్క మారదు, సంఖ్య మాత్రం చిన్నదవుతుంది. ఇంతవరకు ఎవరైనా చెప్పగలరు. 4, 36 అనే రెండు సంఖ్యలు తప్ప మిగతా అన్నిట్లోనూ చివరి ప్రధాన సంఖ్య ఘాతాంకం 1 మాత్రమే అన్నది మాత్రం అంత తేలిక కాదు. ఆయన ఇంకా గట్టి తరగతిని కూడా నిర్వచించారు, సుపీరియర్ హైలీ కాంపోజిట్ అని. అందులో అన్ని ఘాతాంకాలూ ఒకే సూత్రం నుంచి పుడతాయి. మన సంఖ్య ఆ తరగతిలో లేదు. దాని మూడో వంతు 2248776129600 ఉంది.

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో సొసైటీకి డబ్బు ఇబ్బంది ఉండటంతో ఆ వ్యాసంలో కొంత భాగం అచ్చు కాలేదు. మిగిలిన ఆ భాగాన్ని గణితవేత్తలు జాన్ లూయీ నికోలా, గీ రొబాన్ వ్యాఖ్యానంతో 1997లో రామానుజన్ జర్నల్‌లో ప్రచురించారు.

10,080 ఎక్కువా తక్కువా అన్నది కూడా చెప్పాలి. 1 నుంచి మన సంఖ్య దాకా ఉన్న సంఖ్యలన్నిటి కారణాంకాల సగటు సుమారు 29.7 మాత్రమే. మన సంఖ్య సహజ సంవర్గమానం 29.5, దానికి చిన్న సవరణ కలిపితే సగటు వస్తుంది. ఇది జర్మన్ గణితవేత్త డిరిక్లే సూత్రం. ఆ సగటు కూడా మనదానిలాంటి వాటి వల్ల పెరిగినదే. 1917లో కేంబ్రిడ్జ్ గణితవేత్త హార్డీ, రామానుజన్ కలిసి చూపించినదాని ప్రకారం ఈ పరిమాణంలో మామూలు సంఖ్యకి వేర్వేరు ప్రధాన కారణాంకాలు మూడు, నాలుగు ఉంటాయి. మనదానికి తొమ్మిది.

రెండో చివర ఎలా ఉంటుందో చూడండి. 2⁶⁷ − 1 అంటే 147573952589676412927, ఇరవై ఒక్క అంకెలు. మన సంఖ్య కంటే రెండు కోట్ల రెట్లు పెద్దది. కారణాంకాలు నాలుగే: 1, 193707721, 761838257287, ఆ సంఖ్యే. 1876లోనే ఫ్రెంచ్ గణితవేత్త ల్యూకా ఇది సంయుక్త సంఖ్య అని తేల్చారు, కానీ కారణాంకం ఒక్కటీ చూపించలేదు. 1903లో అమెరికా గణితవేత్త ఫ్రాంక్ నెల్సన్ కోల్ ఆ రెండింటినీ బయటపెట్టారు. ఈ సంఖ్యకు వచ్చే ప్రతి ప్రధాన కారణాంకం 134 గుణిజానికి 1 కలిపిన రూపంలోనే ఉండాలి; 193707721 = 134 × 1445580 + 1. అంటే ఆ రూపంలో ఉన్నవాటినే వరుసగా చూస్తూ పోయినా పద్నాలుగు లక్షలకు పైగా చూడాలి. చేత్తో!

ఇక మీ ప్రోగ్రామ్. మొదటి చెత్త జవాబుకి కారణం ఇంట్, అంటే సీలో పూర్ణ సంఖ్యలు దాచే మామూలు రకం. సాధారణంగా అందులో పట్టే గరిష్ఠ సంఖ్య 2147483647, దాదాపు 214 కోట్లు. 6.7 లక్షల కోట్లు అందులో పట్టవు, లోపల వేరే సంఖ్య కూర్చుంటుంది, ప్రోగ్రామ్ దానితోనే లెక్క చేస్తుంది. లాంగ్ లాంగ్ (ఇంకా పెద్ద సంఖ్యలు పట్టే రకం) వాడటం సరైన మార్పే. అయితే లూప్ వేరియబుల్‌ని కూడా లాంగ్ లాంగ్ చేయండి. దాన్ని ఇంట్‌గా వదిలేస్తే, వర్గం లెక్కకట్టే చోట 46340 దాటగానే మళ్లీ అదే తంటా.

రాత్రంతా తిరగడానికి కారణం 1 నుంచి సంఖ్య దాకా అన్నిటితో భాగించడం. సెకనుకి 10 కోట్ల భాగహారాలు చేసినా 67 వేల సెకన్లు, దాదాపు 19 గంటలు. వర్గమూలం దాకా చూసి జంటలుగా లెక్కపెడితే 26 లక్షల భాగహారాలతో అయిపోతుంది, రెప్పపాటులో. అయినా అది కూడా అనవసరమే. చేత్తో చేసినట్టే చేయండి: 2తో పోయినన్నిసార్లు భాగించండి, ఎన్నిసార్లో గుర్తుంచుకుని ఒకటి కలిపి జవాబుతో గుణించండి, మిగిలినదాన్ని 3తో భాగించండి, అలా పోండి. మిగిలిన సంఖ్య వర్గమూలాన్ని భాజకం దాటిపోతే ఆపేయండి. అప్పటికి 1 కంటే పెద్దది ఏదైనా మిగిలితే అది ప్రధాన సంఖ్యే, జవాబుని ఇంకో 2తో గుణించాలి. ఈ చివరి మెట్టు మర్చిపోయేవాళ్లు చాలామంది. మన సంఖ్యకి శేషం లేకుండా పోయే భాగహారాలు మొత్తం 18, అంతే; చివర 23 మిగులుతుంది.

రాసిన తర్వాత 293318625600 ఇచ్చి చూడండి, 5040 రావాలి. 4497552259200 ఇస్తే 9216. ఆ తర్వాత తప్పకుండా 1000036000099 కూడా ఇవ్వండి. ఇదీ పదమూడు అంకెలే, కానీ 1000003 × 1000033, రెండూ ప్రధాన సంఖ్యలు. ఇక్కడ ప్రోగ్రామ్ పది లక్షల దాకా వెళ్లక తప్పదు, ఆ చివరి మెట్టు కూడా ఇక్కడే పరీక్షకు నిలబడుతుంది. జవాబు 4 రావాలి. 2 వచ్చిందంటే మిగిలినదాన్ని లెక్కలో కలపలేదన్నమాట.